నిద్రపట్టని కారు

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో చీమ కుట్టిందని నేనంటే పక్కవాటా వాళ్లు పాము మందు ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తారు. ఇది మా నాన్న వైపు నుంచి వచ్చింది. కాలవ పొంగి మోకాలి దాకా నీళ్లొస్తే ఆయన గొంతు దాకా వచ్చాయనేవాడు. మా వంశంలో అందరం పొట్టివాళ్లమే కాబట్టి అందులో కొంత నిజం లేకపోలేదు. అంచేత ఇక్కడ కనిపించే ప్రతి అంకెనీ కాస్త పిండి ఆరేసుకుని చదువుకోండి. పెంచింది చాలా ఉంది. మొత్తంగా కల్పించింది మాత్రం ఒక్కటే. అదేదో నేనే చెబుతాను.

మా కారుకి రెండు ప్రాణాలు. ఒకటి పెట్రోలుది, రెండోది కరెంటుది. సాయంత్రం సెల్‌ఫోనుకి పెట్టినట్టు ప్లగ్గు పెడితే మర్నాడు నలభై కిలోమీటర్లు చప్పుడు లేకుండా పోతుంది. కరెంటు అయిపోతే ఇంజను లేచి మిగతా దారి చూసుకుంటుంది. ప్లగ్ ఇన్ హైబ్రిడ్ అంటారు. హైదరాబాదులో ఒకాయన వాడుకుని అమ్మేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పటమటలో మా వీధికి తెచ్చిన రోజున పక్కవాటా ఆవిడ "కారుకి ప్లగ్గేమిటండీ, ఇస్త్రీపెట్టెలాగా" అంది. పాస్టరు గారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. సగంలో ఆగి, మోటారు ఎటువైపు ఉందని నన్నడిగారు. నాకూ తెలియదు. ఆయన రెండో చెయ్యి డిక్కీ మీద కూడా పెడదామని చూశారు గానీ అందలేదు. చివరికి కారు చుట్టూ ఒక ప్రదక్షిణ లాంటిది చేసి ఆమెన్ అన్నారు.

ఇక అసలు సంగతి. మా ఆవిడ కంకిపాడులో ఒక మిషన్ స్కూల్లో టీచరు. ఇరవై ఆరేళ్లు బస్సులో వెళ్లింది, బస్సులో వచ్చింది. ఆ ఇరవై ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ స్కూలు గేటు ముందు నిలబడి ఆమెని ఇంటికి తీసుకురాలేదు. ఇది పెంచి చెప్పింది కాదు. పెంచేవాడైతే రెండుసార్లు వెళ్లానని చెబుతాడు. ఏదో ఒక పని అడ్డొచ్చేది, లేదా పని ఉందని చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. ఈమధ్య ఆమె మోకాళ్లు బస్సు మెట్ల దగ్గర మొండికేస్తున్నాయి. అందుకని ఇంకా సర్వీసు ఉండగానే మానేయడానికి కాగితం రాసిచ్చింది. ఓ శుక్రవారం ఆఖరి రోజు.

"ఆ రోజు కారుతో వస్తాను. నాలుగింటికల్లా గేటు ముందుంటాను" అన్నాను.

"వచ్చేట్టయితే రండి. రాలేనంటే ఇప్పుడే చెప్పండి, నా బస్సు నేను చూసుకుంటాను. మధ్యలో మాత్రం ఉంచకండి" అంది.

వస్తానన్నాను. మామూలుగా కాదు, గుండె మీద చెయ్యేసుకుని అన్నాను.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ముందు వారం నుంచి కారు తెరమీద ఒక మెసేజ్ వస్తోంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంది, సర్వీసుకి తీసుకురండి అని. అది చేయించేదాకా కరెంటు మీద నడవనని భీష్మించుకుంది. స్టార్ట్ చేస్తే చాలు, పెట్రోలు ఇంజను లేచి చెరకు లారీలా గుర్రుమంటోంది. అంటే, లారీ అంత కాదు. కానీ నేను ఆమె తోటి టీచర్లందరి ముందూ క్రిస్మస్ భోజనాల్లో ఒక మాట అనేసి ఉన్నాను. మా కారొస్తే పిల్లి కూడా తల తిప్పదని. ఇప్పుడు వాళ్లందరూ గేటు దగ్గర నిలబడి ఉండగా గుర్రుమంటూ వెళ్లనా?

"చప్పుడు చేస్తే చేయనివ్వండి. ఎవరూ చెవులు మూసుకోరు" అంది మా ఆవిడ, ఆ శుక్రవారం పొద్దున్నే టిఫిను డబ్బా సర్దుకుంటూ.

నేను వినలేదు. ఆమెని బస్సెక్కించి, తొమ్మిదింటికల్లా ఏలూరు రోడ్డులో ఉన్న షోరూముకి కారు తోలుకెళ్లాను.

అక్కడ సర్వీస్ అడ్వైజరు ఒక పాతికేళ్ల అమ్మాయి. చేతిలో పలకలాంటి ట్యాబు. కారు చుట్టూ తిరిగి గీతల ఫొటోలన్నీ తీసుకుంది.

"రెండు గంటల పని సర్. పన్నెండుకల్లా ఇచ్చేస్తాం."

"నాలుగింటికి కంకిపాడులో ఉండాలమ్మా."

"మధ్యలో భోజనం చేసి, పడుకుని లేచి వెళ్లొచ్చు సర్" అని నవ్వింది. "రెండు కీలూ ఇస్తారా?"

ఒకటే ఉందన్నాను. రెండోది నా ప్యాంటు జేబులో ఉంది. దీనికో కారణం ఉంది. మా అమ్మ బీరువా తాళంచెవులు రెండూ ఎప్పుడూ ఒకే చేతికి ఇచ్చేది కాదు. ఒకటి ఇస్తే రెండోది కొంగున ముడేసుకునేది. కట్టుకున్నవాడికైనా సరే, రెండూ ఇచ్చావంటే ఇల్లు ఇచ్చేసినట్టే అనేది. ఆవిడ పోయి ఏళ్లయింది. ఇప్పటికీ నేను సైకిల్ తాళంచెవులు కూడా రెండూ ఎవరికీ ఇవ్వను.

లోపల ఏసీ హాలు. గోడకంతా ఒకటే అద్దం. అద్దం అవతల కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, మా కారు అద్దాన్ని ఆనుకుని మొదట్లోనే. మెకానిక్కు మోచేతుల దాకా రబ్బరు చేతొడుగులు తొడుక్కుని వచ్చి, బానెట్ ఎత్తి, ఏవో నారింజరంగు వైర్లు చూసి, ఒక లాప్‌టాప్ తగిలించి, తలుపులన్నీ వేసి వెళ్లిపోయాడు. ఆపరేషను చేయబోయి రోగిని ఒంటరిగా వదిలేసినట్టు అనిపించింది.

"ఇంక కారు నిద్రపోవాలి సర్. అది పూర్తిగా నిద్రలో ఉంటేనే అప్‌డేట్ ఎక్కుతుంది" అంది అడ్వైజరు.

నేను సోఫాలో కూర్చున్నాను. లేచాను. కాఫీ మిషన్ దగ్గరికి వెళ్లాను. కాఫీ తాగాను. మళ్లీ కూర్చున్నాను. గడియారం చూస్తే నాలుగు నిమిషాలైంది. పక్కన ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన ఒక చెరకు రైతు, డెబ్భై ఏళ్ల పెద్దాయన, కొడుకు కారు సర్వీసుకిచ్చి కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర బండితో రోజులకి రోజులు పడిగాపులు పడ్డవాడు, ఆయనకి ఇదొక వెయిటింగా.

"కూర్చోండి బాబూ. మీరు తిరిగితే అది తొందరగా అవుతుందా?"

కూర్చోలేకపోయాను. అద్దం దగ్గరికి వెళ్లాను. వెళ్లగానే కారు సైడు అద్దాలు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి, కుక్క చెవులు నిక్కించినట్టు. ముందు దీపాలు ఒక్కసారి వెలిగాయి. నా గుండె ఉప్పొంగిపోయింది. రైతుకి చూపించాను కూడా.

"చూశారా, నన్ను గుర్తుపట్టింది."

"పాడి గేదె కూడా అంతేనండి, పెట్టేవాణ్ణి చూస్తే అరుస్తుంది" అన్నాడు ఆయన, పేపరు తిప్పుకుంటూ.

పదిన్నరకి అడ్వైజరు వచ్చింది. "ముప్ఫై ఏడు శాతం అయ్యాక ఆగిపోయింది సర్. మళ్లీ మొదట్నుంచీ పెట్టాం."

అక్కడి నుంచి నాకు కాలు నిలవలేదు. పావుగంటకోసారి అద్దం దగ్గరికి వెళ్లడం, కారు చెవులు విప్పడం, నేను మురిసిపోయి రావడం. ఆ వెనకే అడ్వైజరు వచ్చి పన్నెండు శాతంలో ఆగింది సర్, నలభైలో ఆగింది సర్ అనడం. ఆ రోజు అద్దం దగ్గరికి నేను నాలుగు వందల సార్లు వెళ్లాను. పిండి ఆరేస్తే ఓ ఇరవై తేలతాయి. మెకానిక్కు వైర్లు మార్చాడు. లాప్‌టాప్ మార్చాడు. చెన్నైలో ఎవరికో ఫోను చేసి, చెంపకీ భుజానికీ మధ్య దాన్ని నొక్కిపెట్టుకుని కారు కింద దూరాడు. మూడు మోడళ్లు మాత్రమే అమ్మే కంపెనీకి ముప్ఫై రకాల నిట్టూర్పులు ఉంటాయని ఆ రోజే తెలిసింది.

ఒంటిగంటకి క్యారేజీ భోజనం తెప్పించిపెట్టారు. నాకు దిగలేదు. అప్‌డేట్ వదిలేసి కారు ఇచ్చేయమన్నాను. పాత సాఫ్ట్‌వేర్ సగం తీసేశాం, కొత్తది సగమే ఎక్కింది, ఇప్పుడు అది అటూ కాదు ఇటూ కాదు, కదలదు సర్ అన్నారు.

మూడూ ఇరవైకి మా ఆవిడ ఫోను.

"ఇక్కడ ఉపన్యాసాలు అయిపోతున్నాయి. బయల్దేరారా?"

"ఎప్పుడో బయల్దేరాను. బెంజి సర్కిల్ దాటేశాను" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మా ఊళ్లో ఇంట్లో తలదువ్వుకుంటున్నవాడు కూడా అదే అంటాడు. ఆ మాట నోటికి అలవాటైపోయింది. రైతు పేపరు కిందకి దించి నా వైపు చూశాడు.

నేను మళ్లీ అద్దం దగ్గరికి నడిచాను. ఈసారి మెకానిక్కు అవతల లాప్‌టాప్ ముందే నిలబడి ఉన్నాడు. నేను రాగానే కారు చెవులు విప్పింది. అతను తెర చూశాడు, కారు చూశాడు, అద్దంలోంచి నన్ను చూశాడు. చేతొడుగులు ఒక్కొక్కటే లాగి, తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాడు.

"సర్, మీ జేబులో ఏముంది?"

తీసి చూపించాను.

"తాళం దగ్గరికొస్తే కారు లేచిపోతుంది సర్, అందుకే మీరిచ్చినదాన్ని దూరంగా ఆఫీసులో పెట్టాం. మీరొచ్చినప్పుడల్లా అది లేస్తోంది. పొద్దున్నించీ దాన్ని మీరే పడుకోనివ్వడంలేదు."

అడ్వైజరు నుదురు పట్టుకుంది. రైతు మాత్రం తీరిగ్గా అన్నాడు: "పసిపిల్లని జోకొట్టి పడుకోబెడుతుంటే ఘడియకోసారి వెళ్లి బుగ్గ గిల్లారన్నమాట."

"ఇప్పుడు పెడితే ఎంతసేపు?" అని అడిగాను.

"గంటన్నర సర్. ఆ కీ తీసుకుని మీరు ఎంత దూరం వెళ్తే అంత మంచిది."

వెళ్లాను. రోడ్డెక్కి ఆటో పట్టుకున్నాను. ఆటో బెంజి సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగింది. అరగంట కిందట దాటేసిన చోటికి చేరేసరికి నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువైంది. దిగి పరుగెత్తి ఉయ్యూరు బస్సెక్కాను. ఆ డ్రైవరు మహానుభావుడు, కానూరు, పోరంకి, పెనమలూరు ఏవీ కంటికి ఆనకుండా బస్సుని గాల్లో లేపాడు. కంకిపాడులో దిగేసరికి ఆమె అప్పుడే గేటు దాటి వస్తోంది, మెడలో మూడు దండలు. పిల్లలు రెండు వరసల్లో నిలబడి పూలు చల్లుతున్నారు. తోటి టీచర్లు కారేదీ అన్నారు. ఆర్డరు ఇచ్చి మరీ పెద్ద బండి తెప్పించాను, యాభైమంది పడతారు, డ్రైవరు వేరే అని వెనకున్న బస్సు చూపించాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, చెయ్యి అందించి, బస్సెక్కింది.

కల్పించింది ఇదే. దండలు నేను చూడలేదు, పూలు చూడలేదు, ఎవర్నీ నవ్వించలేదు. నేను కంకిపాడులో దిగేసరికి అయిదుకి పది నిమిషాలుంది. స్కూలు గేటుకి తాళం. పూల రేకులు మాత్రం నేలమీద కొన్ని ఉన్నాయి. వాచ్‌మన్ స్టూలు లోపల పెట్టుకుంటూ, "టీచరు గారు ఇప్పుడే బస్సెక్కారండి, మీరు వస్తారని చాలాసేపు చూశారు" అన్నాడు. ఆమె బస్సూ నా బస్సూ ఎక్కడో ఒకచోట ఎదురుపడే ఉంటాయి. నేను కిటికీ పక్కనే కూర్చున్నాను. చూడలేదు. బస్సులో ఉండగా ఫోను చేయొచ్చు, చేయలేదు. చేస్తే బెంజి సర్కిల్ సంగతి చెప్పాల్సివస్తుంది.

ఇంటికి చేరేసరికి చీకటి పడుతోంది. ఆమె కుర్చీలో కూర్చుని వేడినీళ్ల బేసిన్‌లో కాళ్లు పెట్టుకుంది. దండలు టేబుల్ మీద ఉన్నాయి. నిజంగానే మూడు.

"కారు బాగుపడిందా?" అంది.

వంద శాతం అయిందని అప్పుడే ఫోను వచ్చింది, అది చెప్పాను. తాళంచెవి సంగతి చెప్పాను. అద్దం దగ్గరికి నాలుగు వందల సార్లు వెళ్లానని చెప్పాను. మామూలుగా అయితే ఈపాటికి అంకె తగ్గించమనేది. టవలు తీసుకుని ఒక కాలు తుడుచుకుంది.

"ఫోను చేద్దామనుకున్నాను. డ్రైవింగులో ఉన్నారు కదా, ఎత్తబోయి ఎక్కడైనా తగిలిస్తారని చేయలేదు."

రెండో కాలు తుడుచుకుంది.

"రెండు బస్సులు వదిలేశాను. రెండింట్లోనూ సీట్లున్నాయి."