చువ్వల మీద రెండు అయస్కాంతాలు

మా ఆయన బాపిరాజు గారు కరెంటు ఆఫీసులో మీటరు రీడరుగా చేసి రిటైరయ్యారు. మామిడికుదురు చుట్టుపక్కల ఆయన సైకిలు వెళ్ళని వీధి లేదు. ఇంటింటికీ వెళ్ళి, గోడ మీద మీటరుకేసి మెడ చాచి చూసి, అంకెలు పైకి చదివి మరీ రాసుకునేవారు. ఇంటివాళ్ళ చెవిన కూడా పడాలి అనేవారు. "రాజుగారండీ, ఈ నెల చుట్టాలెక్కువయ్యేరండి, కొంచెం తగ్గించి రాద్దురూ" అని ఎవరైనా అరటిపళ్ళ అత్తం చేతికందించబోతే, "పళ్ళు బాగున్నాయి, ఆ చుట్టాలకే పెట్టమ్మా" అని సైకిలెక్కేసేవారు.

2003 వానాకాలంలో ఆయనకి గుండెనొప్పి వచ్చింది. కాకినాడలో డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేయించి, నాళాలు పూడుకుపోతున్నాయి, ఆపరేషన్ చేయించుకుంటే మంచిది అన్నారు. మా ఆయన వద్దంటే వద్దన్నారు. మా మామగారు ఏదో చిన్న ఆపరేషన్ అని ఆస్పత్రికి నడుచుకుంటూ వెళ్ళి, తిరిగి రాలేదు. అప్పటికి ఈయన బాగా చిన్నవారు. ఆస్పత్రి మెట్ల మీద తండ్రి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారట.

డాక్టరు గారికి ఆయన భయం అర్థమైంది. "సరే, మందులతో కొన్నాళ్ళు చూద్దాం. మీకు అలవాటే కదా, రోజూ మెల్లగా సైకిలు తొక్కండి. ఆయాసం రాకముందే ఆగిపోవాలి. ఎంత దూరం వెళ్ళగలుగుతున్నారో మీ ఆవిడ గారు నెలనెలా నాకు ఫోన్ చేసి చెప్తారు. దూరం పెరుగుతూ ఉంటే ఆపరేషన్ మాట ఎత్తను. పెరక్కపోయినా, తగ్గినా ఒక్క రోజు కూడా ఆగకుండా వచ్చేయాలి" అన్నారు.

ఈ సంగతి విని దుబాయిలో ఉన్న మా తమ్ముడు రాజేంద్ర బావగారికని సైకిలు ఎంత దూరం వెళ్ళిందో చూపించే మీటరు పంపాడు. హ్యాండిలుకి పెట్టుకునే చిన్న గడియారం లాంటిది ఒకటి, దాన్నుంచి వచ్చే తీగ చివర నల్లటి బుల్లి డబ్బా ఒకటి. ఆ డబ్బాని ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కుకి కట్టాలి. చువ్వకి అయస్కాంతం బిగించాలి. చక్రం తిరిగి అయస్కాంతం డబ్బా ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఒక చుట్టు తిరిగినట్టు లెక్క. పొట్లంలో అయస్కాంతాలు మాత్రం రెండున్నాయి.

సైకిలు షాపు ముసలయ్య మా ఇంటికే వచ్చి, వీధరుగు మీద అన్నీ పరిచి చూశాడు.

"రెండిచ్చేరేంటండి రాజుగారూ?"

"ఒకటి పోతే ఇంకోటి వాడుకోమనేమోరా."

"పోయేదాకా దాచడం ఎందుకండి? మన బురదలో ఏది ఎప్పుడు ఊడిపోద్దో ఏం తెలుసు? రెండూ బిగించేత్తాను. ఎదురెదురుగా ఎడితే చక్రం కూడా ఓ పక్కకి లాగదు."

మాకూ సబబుగానే అనిపించింది. ముసలయ్య చువ్వలు తుడిచి, ఎదురెదురు చువ్వలకి రెండూ బిగించాడు. డబ్బాకీ అయస్కాంతానికీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు ఉంచి, చక్రం తిప్పి, గడియారంలో అంకె కదలగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఎదురింటి పెద్దింట్లమ్మ గారు గోడ మీంచి చూస్తూ, "ఊళ్ళో మీటర్లన్నీ అయిపోయి సైకిలుక్కూడా పెట్టుకున్నారా? బిల్లెవరికి కొడతారండీ?" అన్నారు. "మీకేనండీ, మీ వీధిలోనేగా తొక్కేది" అన్నారాయన.

మొదటి రోజు కాలవ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి వచ్చి, అలవాటుగా అంకె పైకి చదివారు. నాలుగు కిలోమీటర్లు. లాకుల దాకా వెళ్ళొస్తే ఏ రెండో ఉంటుందనుకునేవాళ్ళం. గట్టు మీద కిలోమీటరు రాళ్ళు లేవు, ఎవరు కొలిచారు? "చూశావా సత్యవేణీ, నాకు నేనే తక్కువ అంచనా వేసుకున్నాను" అన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత కడుపు నిండా అన్నం తిన్నారు.

తరవాతి నెల అయిదు, ఆ పై నెల ఆరు. నేను ఫోన్ చేసి చెప్పిన ప్రతిసారీ డాక్టరు గారు మెచ్చుకునేవారు. సంక్రాంతి వెళ్ళాక ఏడు చెప్పాను. ఆ నెలలోనే ఆయన తిరిగి రావడం ఆలస్యమవుతోందనీ, గుమ్మం ఎక్కకుండా అరుగు మీద చాలాసేపు కూర్చుంటున్నారనీ నేను గమనించకపోలేదు. అడిగితే ఎదురుగాలి అనేవారు. ఏడు అంకె నా కళ్ళెదుటే ఉంది. నమ్మాను.

మాఘమాసంలో ఒక ఉదయం లాకుల దారిలో, సైకిలు కొబ్బరిచెట్టుకి ఆనించి, పక్కనే కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్ళాక ముసలయ్య వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, చెప్పకపోతే అన్నం సయించట్లేదండి. క్రిస్మస్ ముందు రాజుగారు షాపుకొచ్చేరండి. రోడ్డు మీద కిలోమీటరు రాయికీ రాయికీ మధ్య తొక్కితే మీటరు రెండు చూపిత్తందిరా అన్నారు. ఇద్దరం చక్రం తిప్పి చూసేం. ఒక చుట్టుకి రెండు సార్లు లెక్కెడతందండి. నేను రెండు బిగించబట్టే. ఒకటి తీసేత్తానని స్క్రూడ్రైవరు అందుకుంటే చెయ్యి పట్టేసుకున్నారు."

"ఏమన్నారు?"

"ఉండనీరా, ఇది తీసేత్తే ఆరు మూడైపోద్ది, మా ఆవిడ పొద్దున్నే కాకినాడ బస్సెక్కించేత్తది అన్నారండి. నవ్వుతానే అన్నారు. ఆ తరవాత, కోత బల్ల మీద పడుకోవడం నా వల్ల కాదురా ముసలయ్యా అని... ఒట్టేయించుకున్నారండి."

"తరవాత కూడా తొక్కేవారా?" అని అడిగాను.

"లేదండి. సైకిలు నడిపించుకుంటా వెళ్ళేవారు. సంక్రాంతి తరవాత అదీ తగ్గింది. కల్వర్టు మీద కూకుని, ముందు చక్రం ఎత్తి పట్టుకుని చేత్తో తిప్పుకునేవారండి. నేను అటు వెళ్తా ఓసారి చూసేను. నేను చూడ్డం ఆయన చూసేరు. తలొంచుకుని మళ్ళీ తిప్పుకున్నారు."

ముసలయ్య మీద నాకు కోపం రాలేదు. ఆయన మీద వచ్చింది. చక్రం తిప్పుతున్న ఆ చెయ్యి పట్టుకుని ఆపడానికి నన్ను రానివ్వలేదే అని వచ్చింది. అప్పుడే లోపల ఫోన్ మోగింది. ఆ నెల నేను చెయ్యకపోయేసరికి డాక్టరు గారే చేశారు. ఆయన పోయిన సంగతి చెప్పాను.

"ఏడు తొక్కుతున్నారన్నారు కదమ్మా" అన్నారు డాక్టరు గారు. "అంకె విని నేను తృప్తి పడిపోయాను. ఒక్కసారి పిలిపించి పరీక్ష చెయ్యాల్సింది. పొరపాటు నాదే."

ఆ బరువు డాక్టరు గారు మొయ్యడం న్యాయం కాదనిపించింది.

"మీది కాదండి. చక్రానికి అయస్కాంతాలు రెండు బిగించాం. మాకు తెలీక. ఒక చుట్టు తిరిగితే రెండు చూపించేది. ఏడు కాదండి, మూడున్నరే."

"అయ్యో... ఆ సంగతి ఆయనకి తెలుసామ్మా?"

గుమ్మంలో ముసలయ్య తల ఎత్తి నాకేసి చూశాడు.

"తెలీదండి" అన్నాను.