తాటిపట్టె దాటని మోతీ

వృత్తి అనుభవాలు రాయమని ఇన్నేళ్ళుగా డాక్టర్లనే అడుగుతున్నారు. పశువుల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళు కాంపౌండరుగా చేసినవాడికి చెప్పుకోదగ్గ కేసు ఒక్కటైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు. అడగకపోయినా రాస్తున్నాను.

అది 1978. మా ఆసుపత్రి పి.గన్నవరం దగ్గర ఒక పల్లెలో. సత్యానందం మాస్టారి ఇల్లు కాలువకు అవతల, బడి ఇవతల. మధ్యలో తాటిపట్టె, అంటే తాటిమాను చీల్చి కాలువకు అడ్డంగా వేసిన కాలినడక వంతెన. మాస్టారి కుక్క మోతీకి ఎనిమిది నెలలు. పిల్లగా ఉన్నప్పటినుంచి ఆ పట్టె మీద పరుగెత్తినదే, ఒకరోజు కాలువను చూసి వణికి, చొంగ కార్చుకుంటూ వెనక్కి పారిపోయింది. నీళ్ళకు భయపడింది కాబట్టి పిచ్చెక్కిందని ఊరు తేల్చేసింది.

డాక్టరుగారు జీపు దిగకుండానే, "కొట్టించేయండి" అన్నారు. ఒక్కసారి చూడమన్నాను. "డాక్టరువి నువ్వా, నేనా?" అన్నారు. గేదెలు తోలుకొచ్చిన నలుగురి ముందు అన్న మాట అది. ఆ నలుగురి పేర్లూ నాకు గుర్తున్నాయి.

సైకిలు మీద వెళ్ళేసరికి మునసబుగారు ఇద్దరు కర్రల మనుషులతో మాస్టారి పెరట్లో ఉన్నారు.

"ఎవర్నన్నా కరిచిందాండీ?" అనడిగాను.

"ఇంకా లేదండి. కరిచేదాకా ఆగమంటారా కాంపౌండరు గారూ?"

మాస్టారి భార్య మార్తమ్మగారు కుక్కకు అడ్డంగా నిలబడ్డారు. "పొద్దున్న గంజి తాగిందండి అన్నయ్యగారూ. పిచ్చిదైతే తాగుద్దాండీ?"

పిచ్చికుక్క కూడా కొన్నాళ్ళు నీళ్ళు తాగొచ్చు. నీళ్ళంటే భయం రేబిస్ సోకిన మనుషుల్లో కనబడే లక్షణం, కుక్కల్లో కాదు. అందుకని ఏ వైపూ ఒట్టు వేయలేకపోయాను.

"పది రోజులు గట్టిగా కట్టేసి, ఎవరూ దగ్గరకెళ్ళకుండా చూద్దామండి. రేబిస్ ముదిరిన కుక్క అన్నాళ్ళు నిలవడం అరుదు. మీ కర్రలెక్కడికీ పోవు కదండీ."

"ఆయ్. పదకొండో రోజున మాత్రం నన్నాపకండి."

రోజూ వెళ్ళి పది బారల దూరంలో కూర్చునేవాణ్ణి. తిండి తింటోంది, దవడ జారలేదు, నడక తూలడం లేదు. కానీ మాస్టారి నల్ల గొడుగు చూసి మొరిగింది. పిల్లప్పుడు ఆ గొడుగు కిందే నిద్రపోయేదట! దండెం మీద ఎప్పుడూ ఉండే పంచెను చూసి నక్కింది. అంటే బెదురు నీళ్ళకు మాత్రమే కాదు. మరి దేనికి? నాకు కుతూహలం పుట్టి మాస్టారిని గుచ్చి గుచ్చి అడిగాను.

"మొదట్రోజు రానని మొరాయిస్తే, మెడకి తాడేసి పట్టె మీద సగందాకా ఈడ్చేనండి. బడికి టైమైపోయిందండి," అని తలొంచుకున్నారు.

ఎదిగే కుక్కల్లో కొన్నింటికి ఈ వయసులో నిన్నటిదాకా తెలిసిన వస్తువే కొత్తగా, భయంగా కనిపిస్తుంది. దీన్ని ఫియర్ పీరియడ్ అంటారని తరవాత ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. కదపకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో పోతుంది. బలవంతం చేస్తే పాతుకుపోతుంది.

పదకొండో రోజుకి మోతీ నిక్షేపంలా ఉంది.

"పిచ్చి లేదు సరేనండి, కాలువ దాటదేం?" అన్నారు మునసబుగారు.

"చిన్నప్పుడు మీరు దేనికీ భయపడలేదాండీ?"

కర్రల మనుషులు నవ్వేరు.

కాలువకు ముప్పై అడుగుల దూరంలో మోతీ వణకడం లేదు. అక్కడే కూర్చుని ఎండు రొయ్యలు పెట్టమన్నాను. రోజుకు రెండడుగులు ముందుకు. చెవులు వెనక్కి వాల్చిందంటే ఆ పూటకు చాలు.

"బడిపిల్లలకి కూడా నేనింత ఓపిక చూపలేదండి," అన్నారు మాస్టారు.

"తెలుసండి. మా వాడు మీ దగ్గరే చదివేడు," అన్నాను.

మూడు వారాలు దాటాక, ఎవరూ పిలవకుండానే మోతీ పట్టె ఎక్కింది. నడిమధ్యన ఆగి నీళ్ళకేసి చూసింది. మార్తమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. తరవాత అది తాపీగా ఇవతలికి వచ్చేసింది.

ఎంత దూరంలో భయం మొదలవుతుందో చూసుకుని, దానికి ఒకడుగు ఇవతలే వైద్యం మొదలుపెట్టాలని ఆ కుక్క నాకు నేర్పింది.

రెండు నెలలకు పక్క ఊళ్ళో అలాంటి పడుచు కుక్కనే కాలువగట్టున కొట్టి చంపేశారు. ఎవర్నీ కరవలేదు. ఎవరూ పది రోజులు ఆగలేదు. ప్రతి పశువుల ఆసుపత్రి గోడమీదా ఒక్క వాక్యం రాయించమని పై ఆఫీసుకు అర్జీ పెట్టాను: "నీళ్ళకు బెదిరిన కుక్కను చంపకండి, కట్టి పది రోజులు చూడండి." నాలుగు అర్జీలు వెళ్ళాయి. రసీదులు నా దగ్గరున్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. నేను రిటైరయ్యాను. ఆ వాక్యంలో తప్పేముందో ఇప్పటికైనా ఎవరో ఒకరు నాకు చెప్పాలి.