ఏ పక్క నుంచి చూసినా కనిపించే తెర

యూనిఫారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ కటింగ్ మాస్టారనే పిలిచేవారు. పొడుగాటి బల్ల మీద గుడ్డను పొరల మీద పొరలు పరిచి, సుద్దముక్కతో గీతలు గీసి, కరెంటు కత్తెర నడిపేది ఆయనే. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కోత తప్పితే మాత్రం అంత గుడ్డా గోవిందా. అందుకే ఆయన గీసిన గీతనే మళ్ళీ మళ్ళీ కొలిచేవాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాక కూడా ఒకసారి కిందపెట్టి, టేపు అందుకునేవాడు. కుట్టేవాళ్ళు నవ్వేవారు గానీ, ఆయన చేతిలో గుడ్డ పాడైన సందర్భం ఎవరికీ గుర్తులేదు.

ఈ అలవాటు కార్ఖానా గడప దగ్గరే ఆగి ఉంటే బాగుండేది. ఇంట్లోనూ అంతే. చెప్పులు కొనాలన్నా మీనమేషాలు లెక్కపెట్టేవాడు. అయినా సంసారం ఎక్కడా ఆగలేదంటే, అది ఆయన భార్య చలవ. ఆవిడ ఒక పళ్ళ ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చునేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. దవడ వాచి, ఏడుపు మొహంతో వచ్చినవాళ్ళు కూడా ఆవిడ మాటలకు నవ్వబోయి, నొప్పి గుర్తొచ్చి మళ్ళీ దవడ పట్టుకునేవారు. ఏ ఇంట్లో అద్దెకు దిగాలి, ఏ గోడకు ఏ రంగు, ఎవరి పెళ్ళికి వెళ్ళాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదని చెప్పాలి, అన్నీ ఆవిడే తేల్చేసేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ సంగతి మీద కూడా చివరి మాట ఆవిడదే. "మనకు మనమే చాలండీ" అని ఒకరోజు అనేసి, ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

జబ్బు ముందు నాలుక మీదికే వచ్చింది. మాట ముద్దముద్దగా పడుతుంటే, "మా డాక్టరు నాకు తెలీకుండా మత్తుసూది పొడిచేసినట్టున్నాడు" అని తనే నవ్వేసింది. తర్వాత చేతిలోంచి గ్లాసు జారింది. తర్వాత మెట్ల దగ్గర కాలు లేవలేదు. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బనీ, వెనక్కి తిరిగి రావడమంటూ ఉండదనీ పెద్దాసుపత్రిలో దాచకుండా చెప్పారు. రెండో ఏడు తిరిగేసరికి ఆవిడ మంచానికి అంటుకుపోయింది. మాట పూర్తిగా పోయింది. మెడ నిలవదు. బుద్ధి మాత్రం ఎప్పటిలాగే ఉంది, కళ్ళూ కదులుతున్నాయి.

మొదట్లో ఒక అట్టముక్క మీద అక్షరాలు రాసి పట్టుకున్నారు. మాస్టారు వేలు పెట్టి వరసగా చూపిస్తూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆవిడ రెప్ప వాల్చాలి. ఒక్క మాట రావడానికి టీ చల్లారిపోయేది. అప్పుడు పెద్దాసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది.

"కళ్ళు ఎటు చూస్తున్నాయో పట్టుకునే కెమెరా ఒకటుంది మాస్టారూ. తెర కింద బిగిస్తాం. తెర మీద అక్షరాలుంటాయి. అమ్మ ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరం పడుతుంది. కెమెరా వాడుకోవడానికి మేమే ఇస్తాం. కంప్యూటరూ తెరా మీరు చూసుకోవాలి."

మాస్టారి భార్య తమ్ముడు కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు కాబట్టి ఆ పని అతని మీద పడింది. అక్క అంటే ప్రాణం. ఒక కంప్యూటరు తనే కూర్చి తెచ్చాడు. తెరకు మాత్రం కార్ఖానా ఆఫీసులో మూలపడ్డ పాతది ఒకటి మాస్టారు అడిగి తెచ్చుకున్నాడు. చక్రాల బల్ల మీద పెట్టి, మంచానికి అడ్డంగా జరిపి, కెమెరా బిగించారు.

ఆవిడ రాసింది ఒక్క ముక్క అర్థం కాలేదు. 'క' ఉండాల్సిన చోట 'త', అదీ కాకపోతే ఏమీ లేదు. జబ్బు బుద్ధికి కూడా ఎక్కిందేమోనని మాస్టారి అనుమానం. వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాడు.

బావమరిది ఊరుకోలేదు. మంచం ఎక్కి, అక్క పక్కనే తలగడ మీద తల ఆనించి తెర వైపు చూశాడు.

"బావా, ఇలా రా. ఇక్కడ పడుకుని చూడు."

మాస్టారు వంగి చూశాడు. కూర్చుని చూస్తే నిగనిగలాడే తెర, కింద నుంచి చూస్తే మసిబారిపోయింది. తెల్లగా ఉన్నది నల్లగా, నల్లగా ఉన్నది వెలిసిపోయి, అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆవిడ ఇంతసేపూ చూస్తున్నది అదీ. చెప్పుకుందామన్నా నోరు లేదాయె.

"చవక రకం తెరలింతే బావా. ఎదురుగా కూర్చున్నవాడికే దర్శనం. దీన్ని వంచడానికీ లేదు. వేరేది కొనాలి."

కొనాలి. ఆ ఒక్క మాటతో మాస్టారికి కష్టకాలం మొదలైంది.

దుకాణం అంతా తెరలే. గోడ నిండా ఒకే చేప ఒకే నీళ్ళలో ఈదుతోంది. దుకాణదారు ఓపిక గలవాడు, అడిగిందానికల్లా జవాబు చెప్పాడు. ఐపీఎస్ అనే రకం ఏ పక్క నుంచి చూసినా రంగు మారదు. పుళ్ళు పడకుండా మనిషిని అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టే ఇంట్లో అది మేలు. కాకపోతే చీకటి గదిలో దాని నలుపు నలుపు కాదు, బూడిదరంగు, మూలల్లో తెల్లటి మెరుపు కూడా. వీఏ అనే రకంలో నలుపు కాటుకలా ఉంటుంది. పక్కకు జరిగితే వెలిసిపోతుంది. ఓఎల్ఈడీ అయితే రెండూ బాగుంటాయి. కానీ ఒకే బొమ్మ కదలకుండా ఎక్కువకాలం ఉంటే దాని మచ్చ తెర మీద పడిపోతుంది. ఆవిడ తెర మీద పొద్దస్తమానం ఉండేది ఒకే అక్షరాల పలక!

ఇవి చాలవన్నట్టు సైజు గొడవ. తెలుగు అక్షరాలు, వాటి గుణింతాలు గళ్ళలో పట్టాలంటే తెర పెద్దది కావాలి. మరీ పెద్దదైతే మెడ తిప్పలేని మనిషికి అంచుల్లో గళ్ళు అందవు. పైపూత నున్నగా ఉంటే కిటికీ వెలుగు అందులో పడి కెమెరాకు కన్ను దొరకదు. గరుకుగా ఉంటే అక్షరం కాస్త మసక.

"బావా, అన్నీ ఉన్న తెర ఎక్కడా ఉండదు. ఐపీఎస్ తీసుకుందాం, పద."

"ఉండరా. ఒకసారి కొన్నాక మార్చుకుంటామా?"

ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఒక్కో తెర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకు వాల్చి, కింద నుంచి చూశాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన చుట్టూ తిరిగి వెళ్ళారు. ఇంకో దుకాణానికి, అక్కణ్ణుంచి ఇంకో దానికి వెళ్ళాడు. కార్ఖానాలో చదువుకున్నవాళ్ళను అడిగాడు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. వానలతో మొదలైన వెతుకులాట చలి ముదిరినా తెగలేదు. ఇంట్లో ఆవిడ అట్టముక్క కేసి చూసి రెప్పలు వాల్చుతూనే ఉంది. ఒత్తులూ సున్నాలూ వదిలేసి, పొదుపుగా మాట్లాడడం నేర్చుకుంది. ఒకనాడు సాయంత్రం అంతా తీసుకుని ఇలా చెప్పింది: "ఏదో ఒకటి కొను."

మాస్టారు ఆ 'కొను' దగ్గర ఆగిపోయాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ ఆయన్ని ఏమండీ, మీరు అనే పిలిచింది. 'కొనండి' అనడానికి రెప్పల్లో బలం లేక మర్యాద వదిలేసింది. ఆయనకు ఎందుకో ఆ పిలుపు ఒంటికి వెచ్చగా తగిలింది.

మర్నాడే బావమరిదిని వెంటబెట్టుకు వెళ్ళి ఐపీఎస్ తెర, మధ్యరకం సైజుది, గరుకు పూతది తెచ్చాడు. ఎటైనా వంగే ఇనప చెయ్యికి బిగించారు. డాక్టరమ్మ వచ్చి ఆవిడ చూపుకు తగినట్టు కెమెరా సరిచేసింది. గళ్ళు ఒక్కొక్కటే వెలిగాయి.

"ఇనాళు ఎకడ ఉనావు."

కంప్యూటరు గొంతు ఒత్తుల్లేకుండా దాన్ని పసిపిల్లలా చదివేసరికి బావమరిది పకపకా నవ్వాడు. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. మాస్టారు నవ్వలేదు. అది ఎగతాళో, నిష్ఠూరమో ఆయనకు తేలలేదు. ఇదివరకైతే గొంతును బట్టి తెలిసేది.

కొన్నాళ్ళు ఆ ఇంట్లో మళ్ళీ మాట వినిపించింది. తలగడ ఎంత ఎత్తుండాలో చెప్పింది. చూడ్డానికొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్న ఆడపడుచుతో, "ముకు తుడుచుకో, నా మీద పడుతుది" అంది. తమ్ముడికి చీవాట్లు పెట్టింది. ఒకరోజు మాస్టారు ధైర్యం తెచ్చుకుని అడిగాడు.

"ఆ రోజు ఇన్నాళ్ళూ ఎక్కడున్నావన్నావే. కోపంతోనా?"

ఆవిడ చూపు చాలాసేపు పలక మీద తిరిగింది.

"చాలా మాటలు ఉడేవి. ఇపుడు గురుతు లేవు."

ఆయన ఆ రోజు పనికి వెళ్ళలేదు.

అటు తర్వాత కళ్ళు ఆరిపోవడం మొదలైంది. రెప్ప సరిగా వాలక కంట్లో తడి నిలవడం లేదు. చుక్కల మందు వేసినా తెల్లటి తెర సూదుల్లా పొడుస్తోందంది. బావమరిది నేపథ్యం నల్లగా మార్చి అక్షరాలు తెల్లగా పెట్టాడు. కిటికీకి పరదా వేశారు. ఆవిడ రాసింది: "నలుపు నలుపుగా లేదు."

చీకటి గదిలో ఆ తెర బూడిదగా వెలుగుతోంది, మూలల్లో మెరుపు. దుకాణదారు ముందే చెప్పిన మాటే.

"ఆ రెండోది, వీఏది కొని ఉండాల్సిందిరా" అన్నాడు మాస్టారు.

"అది కొనుంటే, అక్కని పక్కకు తిప్పినప్పుడల్లా వెలిసిపోయేది. నువ్వు తప్పేం చెయ్యలేదు బావా."

"మరి ముందే తెచ్చి ఉంటే?"

బావమరిది తీగలు సర్దుతున్నట్టు కిందకు వంగాడు.

ఆ మధ్యాహ్నమే మాస్టారు ఒక్కడే దుకాణానికి వెళ్ళి, ఏమీ అడక్కుండా, కొలవకుండా వీఏ తెర చంకన పెట్టుకుని వచ్చాడు. దాన్ని ఆవిడ మొహానికి సూటిగా బిగించి, ఆవిడను ఎటు తిప్పితే తెరనూ అటే తిప్పాడు. నలుపు నిజంగానే నలుపుగా ఉంది. "హాయి" అని రాసింది.

ఆ సుఖం ఎన్నాళ్ళో లేదు. రెప్పలు వాలిపోతున్నాయి. చూపు ఒక గడి నుంచి ఇంకో గడికి పాకడానికి కష్టపడుతోంది. కెమెరా కన్నును వెతికి వెతికి వదిలేస్తోంది. డాక్టరమ్మ గళ్ళు పెద్దవి చేసింది, తర్వాత అవునూ కాదూ రెండే ఉంచింది. ఆ రెండూ కూడా పోతున్న రోజున, మళ్ళీ పెట్టి చూసిన పూర్తి పలక మీద ఆవిడ చివరగా వేసింది ఒక్క అక్షరం, "కి". ఆ తర్వాత చూపు జారిపోయింది.

కిటికీయా? కిందకా? మాస్టారు మంచం తల కిందకు దించాడు. కిటికీ తెరిచాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. అవి తెరిచే ఉన్నాయి గానీ వాటిలో అవునూ లేదు, కాదూ లేదు.

"అమ్మ వింటూనే ఉంటారు మాస్టారూ. మీరు మాట్లాడుతూ ఉండండి" అంది డాక్టరమ్మ. కొన్ని వారాల తర్వాత డాక్టరమ్మే మళ్ళీ వచ్చి, చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, కెమెరా కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారని చెప్పింది. మాస్టారు తనే మరలు విప్పి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"వాళ్ళకు తెర ఉందా?"

"ఇంకా కొనలేదట. ఏది మంచిదని అడుగుతున్నారు."

"ఏదో ఒకటి ఇవాళే కొనమనండి."

డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆయన పరదా తీశాడు. వెలుగు భార్య మొహం మీద పడింది. అది గుచ్చుతోందేమోనని మళ్ళీ వేశాడు. చీకట్లో భయంగా ఉందేమోనని సగం తీశాడు. పరదా అంచు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, అక్కడే నిలబడిపోయాడు.