ఆజం సాబ్ మోకాళ్ళ శాస్త్రం

ఆజం సాబ్ ఎవరి మొహమూ చూసేవాడు కాదు. మోకాళ్ళు చూసేవాడు. మనిషైనా, మేకైనా, తాసీల్దారు గుర్రమైనా సరే, ఆయన చూపు తిన్నగా వెళ్ళి మోకాలి మీద వాలేది. అక్కడ పని పూర్తయ్యాక, తీరిక ఉంటే, పైకి పాకేది. ఆయనతో ఒకే గదిలో పదకొండేళ్ళు పనిచేశాను. నా ముక్కు పక్కన శనగగింజంత పుట్టుమచ్చ ఉందన్న సంగతి ఆయనకు తొమ్మిదో ఏట తెలిసింది. "గిదెప్పుడొచ్చింది?" అని అడిగాడు.

అమ్రాబాద్ గుట్టల కింద, గుట్టలెక్కే ఘాటు దారి మొదలయ్యే చోట మా పశువుల దవాఖాన. దవాఖాన అంటే రెండు గదులు, ఒక అల్మారా, కంపౌండరు ఆజం సాబ్, మొహరీర్‌గా రాతపని చేసే నేను. డాక్టరు సాబ్ నెలకోసారి గుర్రం మీద వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. ఆ అల్మారాలో న్యాయంగా నా రిజిస్టర్లు ఉండాలి. ఉండేవి కావు. అందులో మోకాళ్ళు ఉండేవి.

నవ్వకండి, నిజం. కసాయి హమీద్ దుకాణం నుంచి ఆజం సాబ్ మేకల మోకాళ్ళు తెచ్చి, కడిగి, స్పిరిటు పోసిన గాజు సీసాల్లో పెట్టేవాడు. వారం రోజులకే చచ్చిన పిల్లది, ఆరు నెలలది, ఏడాదిది, రెండేళ్ళది, ముసలి మేకది, ఇలా వరసగా ఐదు చిన్న సీసాలు. చివర ఒక పెద్ద సీసా. దానికి మాత్రం చీటీ లేదు. అదేమిటని అడిగితే మాట మార్చేవాడు. నా రిజిస్టర్లు నేల మీద చెదలతో కాపురం చేసేవి. ఈ విషయమై నేను ఏడాదికి రెండుసార్లు అలిగేవాణ్ణి. ఆయనకు తెలిసేది కాదు. మొహం చూస్తే కదా!

దవాఖానకు ఎవరొచ్చినా ఆ సీసాల ముందు నిలబడక తప్పేది కాదు. ఒకసారి పోచయ్య అనే రైతు గొర్రెకు నట్టల మందు కోసం వచ్చి, గంటసేపు పాఠం విని, గొర్రెను మా దగ్గరే మరిచిపోయి ఇల్లు చేరాడు. ఆ పాఠం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఆయన మాటల్లో బొక్క అంటే ఎముక.

"కీలు మీద తెల్లగ ఉన్నది చూడు పోచయ్యా, మెత్త బొక్క. గీ పిల్లది ఎంత మందమున్నదో! సన్నసన్నటి నెత్తురు నరాలు గూడ ఉన్నయ్. మందమున్నదని గట్టిదనుకునేవు, లోపలంత పచ్చి. పెరిగినకొద్ది పలుచనైతది, నరాలు పోతయ్, నేసిన బట్ట లెక్క పోగులు కుదురుకుంటయ్. బరువు మోసేది గప్పుడే. దానికంటె ముందు బరువు మోపినవనుకో, పగుల్తది. ఒక్కసారి పగిలిందంటె మల్ల అతకదు."

ఈ శాస్త్రాన్ని ఆయన పశువులకే పరిమితం చేసి ఉంటే బాగుండేది. మేనకోడలికి సంబంధం చూడబోయి, షర్బతు తాగుతున్న పెళ్ళికొడుకును లేపి ఐదుసార్లు గొంతుక్కూర్చుని లేవమన్నాడు. సంబంధం అక్కడికక్కడే తప్పిపోయింది. ఆయన భార్య లాల్ బీ నెల రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. పాపం, ఆమె శ్రమంతా వృథా.

ఇక నా సంగతి. కొత్త ఏడాది రిజిస్టర్ తెరిచే రోజున బల్ల కింద నుంచి చెయ్యి పెట్టి నా మోకాలు నొక్కేవాడు. "ఇంక పచ్చిగనే ఉన్నది" అని తేల్చేవాడు. నాకు ముప్పై నాలుగేళ్ళు, ముగ్గురు పిల్లలు. ఒళ్ళు మండేది.

చలికాలం వచ్చిందంటే దొరలు, పెద్ద అధికారులు అమ్రాబాద్ అడవికి వేటకు, షికారుకు ఎక్కేవారు. వాళ్ళ గుడారాలు, మంచాలు, పెట్టెలు ఘాటు పైకి లాగడానికి ఊళ్ళలోని ఎద్దులను వెట్టికి పట్టేవారు. కిరాయి లేదు, గడ్డి లేదు. సగం ఎద్దులు కుంటుతూ దిగేవి, కొన్ని దిగేవే కావు. ఎదగని కోడెలను మాత్రం వదిలేయడం మా ఇలాకాలో రివాజు. ఎదిగిందో లేదో చెప్పాల్సింది మా దవాఖాన. లోకమంతా ఎద్దు వయసు పళ్ళు చూసి చెప్తుంది. ఆజం సాబ్ పళ్ళ పేరెత్తితే చీదరించుకునేవాడు. కళ్ళు మూసుకుని మోకాళ్ళు నొక్కి చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. రాయడం నా పని, ఎద్దును చూడటం నా పని కాదు.

1352 ఫస్లీలో, అంటే 1942 చలికాలంలో, తాసీలు కచేరీ నుంచి కొత్త గిర్దావర్ వచ్చాడు. ఎద్దులను పట్టుకుపోయే అధికారం ఆయనదే. పైగా కాగితాలు చదివే జబ్బున్న మనిషి. ఏడేళ్ళ రిజిస్టర్లు ముందేసుకుని, వేలు ఒక పేరు మీద పెట్టి ఆపాడు. బిక్షమ్మ ఎద్దు, తెల్లది, ఎడమ కొమ్ము వంకర. 1346లో మోకాలు పచ్చిది. 1347లో పచ్చిది. అలా ఏడేళ్ళూ నా అందమైన దస్తూరీలో పచ్చిదే.

"ఏడేండ్ల సంది ఎదగలేదా? గిది ఎద్దా, రాయా?" అన్నాడు గిర్దావర్. రేపు ఎద్దును తెప్పించమన్నాడు. అబద్ధమని తేలితే ఎద్దు బండికి, కంపౌండరు ఇంటికి, రాసినవాడు కూడా ఇంటికే అన్నాడు. నా మోకాళ్ళు బల్ల కింద తబలా వాయించాయి.

బిక్షమ్మకు భర్త లేడు. రెండెకరాల చెల్క భూమి, ఆ ఒక్క ఎద్దు. పోచయ్య ఎద్దుతో జత కట్టి దున్నించుకునేది. అది ఘాటెక్కి కాలు విరగ్గొట్టుకుంటే ఆ ఏడు ఆమెకు దున్నకం లేదు, గింజ లేదు.

మర్నాడు పొద్దున బిక్షమ్మ ఎద్దును తోలుకొచ్చింది. అమ్మో, అది ఎద్దు కాదు, నాలుగు కాళ్ళ గుట్ట! గిర్దావర్ దాని నోరు తెరిపించాడు. పళ్ళన్నీ వచ్చాయి, అరిగాయి కూడా. ఏమంటావని అడిగాడు.

"పండ్లు మేసెటందుకు సాబ్. బండి గుంజేటివి మోకాళ్ళు" అన్నాడు ఆజం సాబ్. అని, ఐదు సీసాలూ తెచ్చి మొదటి నుంచి పాఠం ఎత్తుకున్నాడు. గిర్దావర్ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మూడో సీసా దాకా ఓర్చుకున్నాడు. ఈ ఎద్దుది పచ్చిదని రుజువేమిటని అరిచాడు.

అది చాలా సులువన్నాడు ఆజం సాబ్, కోసి చూడటమే. కత్తి తీసి నెమ్మదిగా నూరుతూ నన్ను కాగితం రాయమన్నాడు. గిర్దావర్ సాబ్ హుకుం మీద మోకాలు కోస్తున్నాం, కోసిన కాలు అతకదు, పచ్చిదని తేలితే ఎద్దుకు ఎద్దు గిర్దావర్ సాబే ఇచ్చుకోవాలి అని రాయించాడు. సంతకానికి కలం గిర్దావర్ చేతికిచ్చి, "జర దస్తఖత్ చెయ్యుండ్రి" అన్నాడు.

బిక్షమ్మకు ఈ నాటకం సంగతి తెలియదు. వచ్చి ఎద్దు కాలిని కావలించుకుని నేల మీద కూలబడింది. "నా మోకాలు గొయ్యి సాబ్, దానిది గొయ్యకు" అంది.

ఆజం సాబ్ ఆమె మోకాళ్ళ వైపు చూశాడు. "నీయి ఎప్పుడో పండినయ్ బిక్షమ్మా. అండ్ల చూసేదేం లేదు."

గిర్దావర్ కాగితాన్ని చూశాడు, కత్తిని చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూశాడు. చివరికి రిజిస్టర్ దగ్గరికి లాక్కుని "తనిఖీ చేసితిమి, పచ్చిదే" అని రాసి వెళ్ళిపోయాడు.

వాళ్ళందరూ పోయాక నా కోపం కట్టలు తెంచుకుంది. నాతో ఏడేళ్ళు అబద్ధాలు రాయించి ఒక్క మాటైనా చెప్పలేదేమని నిలదీశాను. ఆయన చీటీ లేని పెద్ద సీసా తెచ్చి వెలుతురులో పెట్టాడు. అందులో ఉన్నది కోడె మోకాలు. తెల్లటి మెత్తటి ఎముక ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది.

"బిక్షమ్మ ఎద్దుకు జతది. మూడేండ్లు నిండలే. గుడారాల బండికి కడితె ఘాటు మీద కూలబడ్డది, మల్ల లేవలే. గప్పుడు ఎదిగిందని చెప్పింది నేనే. పండ్లు చూసి చెప్పిన" అన్నాడు. సీసా మూత బిగిస్తూ, "పండ్లు ఎవడైన చూస్తడు. మోకాలి లోపల ఎవడు చూస్తడు?" అన్నాడు.

ఆ సాయంత్రం రిజిస్టర్లన్నీ తిరగేశాను. మా ఇలాకాలో ఎన్నేళ్ళయినా ఎదగని ఎద్దులు ఇరవై మూడు ఉన్నాయి. అన్నీ ఒంటి ఎద్దు ఇళ్ళవే. అయినా రోషం చావక, నాకెందుకు చెప్పలేదని మళ్ళీ అడిగాను.

"నీకు జెప్తె నీ మోకాళ్ళు అందరికి జెప్తుండె" అన్నాడు.

నిజమే కాబట్టి నా రిజిస్టర్లను నేనే మళ్ళీ నేల మీద సర్దుకున్నాను.

మరుసటి చలికాలం గిర్దావర్ మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. బిక్షమ్మ ఎద్దు గుమ్మం దగ్గరికి ఇంకా రానే లేదు. నేను రిజిస్టర్ తెరిచి, ఎవరూ చెప్పకుండానే, "మోకాలు పచ్చిది" అని గుండ్రంగా రాసి సిరా అద్దాను. ఆజం సాబ్ చేతిలో పెన్సిల్ జారింది. దాన్ని తీయడానికి బల్ల కిందికి వంగినవాడు చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"పండినయ్" అంటూ పైకి లేచాడు.

గిర్దావర్ ఉలిక్కిపడి ఏ ఎద్దువని అడిగాడు. "ఎద్దువి గావు సాబ్, మా మొహరీర్‌వి" అన్నాడు ఆజం సాబ్, తిన్నగా నా మొహంలోకి చూస్తూ.