చివరి బెంచీలో ఆఫీసర్లు

మా మేనత్త పోయిన కబురు పొద్దున్నే ఎదురింటి ఫోనుకు వచ్చింది. మేం మైలాపూరు చేరేసరికి వాకిట్లో ఎందరో ఆఫీసర్లు చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. ఏడ్చేవాళ్లూ, ఓదార్చేవాళ్లూ అందరూ తమిళంలోనే. అత్త పిల్లలు కూడా అంతే. ఆ ఇంట్లో ఆమెతో తెలుగులో మాట్లాడేది నేనొక్కదాన్నే.

అత్త రాష్ట్ర విద్యాశాఖలో ఉండేది. బడులు తనిఖీ చేసే ఆఫీసర్లకు తర్ఫీదు ఇవ్వడం ఆమె ఉద్యోగం. "పిల్లోళ్లకి కాదమ్మే, పెద్దోళ్లకి నేర్పేది నా పని. వాళ్లే మొండిఘటాలు," అని నవ్వేది.

నేను ఐదో తరగతిలో ఉండగా, వాషర్‌మెన్‌పేట్‌లోని మా బడిలో తెలుగు సెక్షన్ ఎత్తేస్తారని మాట పుట్టింది. అత్త ఇద్దరు కొత్త ఆఫీసర్లను వెంటబెట్టుకొని వచ్చింది. టీచరమ్మ హడావిడిగా కుర్చీలు తుడవబోతే అత్త ఆపింది.

"వద్దమ్మా. వీళ్లు ఆడ, చివరి బెంచీలో కూర్చుంటారు."

"నా ఒళ్లు పట్టదు మేడమ్," అన్నాడు లావుపాటాయన.

"సర్దుకోండి సార్. బెంచీ విరిగితే నాది పూచీ."

మేమంతా పకపకా నవ్వాం. ఆమె పెట్టిన నియమం ఒకటే: టీచరును చూడకూడదు, ఒక్క బిడ్డను ఎంచుకొని పీరియడంతా ఆ బిడ్డనే చూడాలి. లావుపాటాయనకు నేను దొరికాను.

గంట కొట్టాక ఆయన మెల్లగా అన్నాడు. "ఈ పాప నోరు ఆగలేదు మేడమ్. వేలు మాత్రం మొదటి పంక్తి దాటలేదు."

నిజమే. నాకు చదవడం రాదు. పక్కవాళ్లతో పాటు గొంతు కలిపేదాన్ని, అంతే.

"అయితే సెక్షన్ మూసేయమని రాసేద్దామా?" అన్నాడు రెండో ఆయన.

"మూసేదానికి తాళం చాలు సార్. మనమెందుకు?" అని అత్త టీచరమ్మ వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు. కళ్లు తుడుచుకొని, "అన్ని తరగతులూ ఒక్క గదిలో పెట్టుకొని ఎట్టా చెప్పాలో చూపించేవాళ్లు కావాలి మేడమ్," అంది.

ఆ ఏడాదంతా ఆఫీసర్లు వస్తూనే ఉన్నారు, టీచరమ్మకు చూపిస్తూ, తామూ నేర్చుకుంటూ. సెక్షన్ నిలిచింది. నాకు చదువు వచ్చింది.

తరువాత చదవడమే నా పిచ్చి అయింది. కాలేజీలో చేరాక ప్రతి శనివారం మైలాపూరు వెళ్లి, నాకు నచ్చిన పేజీ ఒకటి అత్తకు చదివి వినిపించేదాన్ని. ఆమె కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకొని వినేది. తడబడితే దిద్దేది కాదు. "వినేవాళ్లుంటే నోరు అదే తిరగతాది," అనేది. మా ఇంట్లో తమ్ముళ్లకు నా తెలుగు ఒక వేళాకోళం. నా చదువు వినేది లోకంలో ఆమె ఒక్కతే.

మొన్న శనివారం అలవాటుగా బయల్దేరి మైలాపూరులో రైలు దిగాను. ఆమె లేని ఇంటికి వెళ్లలేదు. ప్లాట్‌ఫారం చివర కూర్చొని, ఆమె కోసం తెచ్చిన పేజీ పైకి చదవడం మొదలుపెట్టాను. మధ్యలో రైలు వచ్చింది. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. అది వెళ్లేదాకా ఆగాను. జనం మెట్లు దిగిపోయారు. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. మళ్లీ మొదటినుంచి చదివాను.