గుడి పెట్టాల్సిన చోట కొమ్ము

నాకు చిన్నప్పుడు రాత రాకపోవడానికి కారణం పత్తి పువ్వులు. మా పాలమూరు దిక్కు విత్తనాల పత్తిలో మగ పువ్వు పొడిని ఆడ పువ్వుకు అంటించాలి. ఆ పనికి ఆడపిల్లల వేళ్లే కావాలనేవాళ్లు. తమ్ముడు బడికి పోయిండు, నేను చేనుకు పోయిన. పెండ్లి చేసుకొని నకిరేకల్ దగ్గరి ఊరికి వస్తే పత్తి పోయి కంది వచ్చింది. అంతే తేడా.

తెలంగాణ వచ్చినంక మా మహిళా సంఘం గదిలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు పెట్టిన్రు. నాకప్పటికే మనుమరాలు ఉంది. పలక సంకల పెట్టుకొని బయలుదేరితే మా ఆయన అరుగు మీద కూసొని, "జరగుండ్రి, కలెక్టరమ్మ పోతాంది" అని నలుగురికి వినబడేటట్టు అనేవాడు.

ఒక ఆదివారం మా మరిది వచ్చిండు. కోడికూర తిని చేతులు కడుక్కున్నంక మా ఆయన పలక తెచ్చి నా ముందర పడేసిండు.

"ఏమే, 'మా ఆయన మంచి మనిషి' అని రాయి. తప్పు లేకుంట రాస్తే రోజూ పో. తప్పు పోయిందంటే ఇయ్యాల్టితోని సదువు బంద్."

"రాయి వదినా, గీ ఒక్క మాటకు ఫికరెందుకు?" అన్నడు మరిది.

పలక ఒడిల పెట్టుకొని రాసిన. మరిది పలక అందుకొని గట్టిగ చదివిండు.

"మా ఆయన మంచు మనిషి."

చకారానికి గుడి పెట్టాల్సిన చోట కొమ్ము పెట్టిన.

"అన్నా, ఎండల తిరగకు, కరిగిపోతవు!" అని మరిది కడుపు పట్టుకొని నవ్విండు.

తమ్ముని ముందర మా ఆయన మొఖం మాడింది. "గుడి పెట్టమంటే కొమ్ము పెట్టింది. బర్రెకు కొమ్ములు గాక ఇంకేం తెలుస్తయి?" అన్నడు. పలకను పొయ్యి రాయికేసి కొట్టిండు. "మల్ల సదువని పోయినవా, నీ కాళ్లు గూడ గిట్లనే."

నేను వాళ్ల ఎంగిలి కంచాలు తీసి, పలక ముక్కలు ఏరిన.

తెల్లారి చేనుకు పోయిన. చేను నిండ మంచు. పట్నమోళ్లు వస్తే మంచులో నిలబడి ఫోటోలు దిగుతరు. మాకు మంచు అంటే వేరే. కంది పూత మీద వరుసగా కురిసిందంటే పూత రాలుతది. సప్పుడు ఉండదు. చెట్టు పచ్చగనే ఉంటది, తొవ్వల పోయేటోళ్లు చేను బాగుందనే అంటరు. కాయ మాత్రం పట్టదు. కింద రాలిన పసుపు పూలల్ల చాలాసేపు నిలబడ్డ. పలక మీద నేను రాసిన మాట నోట్లనే చదువుకున్న. అండ్ల తప్పేం కనబడలే.

ఇంటికొచ్చేసరికి ఆయన ఇంకా పండుకొనే ఉన్నడు. పలక ముక్కల్ల పెద్దదాన్ని సాయంత్రం చదువుకు పనికొస్తదని తీసి పక్కన పెట్టుకున్న. పొయ్యిలకెల్లి బొగ్గు తీసిన. ఆయన రోజూ ఆనుకొని కూసునే అరుగు గోడ మీద, ఊరంత చదివేటంత పెద్దగ, అదే మాట రాసిన. చకారం కాడికి వచ్చినంక బొగ్గును గట్టిగ ఒత్తి కొమ్ము పెట్టిన.