తాత టోపీ మీద బొట్టు

వీపనగండ్లలో మా మేనత్త ఇంటి దేవుడి గూట్లో దేవుళ్లతో పాటు ఒక సిపాయి కూడా ఉంటాడు. ఖాకీ నిక్కరు, పట్టీలు చుట్టిన పిక్కలు, పక్కకు వంచిన టోపీ, కోపమో ఆకలో తెలియని చూపు. ఆయన మా తాత, అంటే అత్తకు నాయన. నేను పుట్టకముందే పోయాడు. తెల్లదొరల కాలంలో పట్టాళంలో చేరి, ఎక్కడో అడవుల్లో యుద్ధం చేసి తిరిగొచ్చాడని అత్త చెబుతుంది. పట్టాళానికైతే పోయాడు గానీ పట్టా భూమి మాత్రం తేలేదని మా నాన్న అనేవాడు. ఆయన తెచ్చిన వాటిలో మిగిలింది ఆ ఫోటో, ఒక ఇత్తడి బిళ్ళ.

దసరాకు ఊరంతా నాగళ్లకు, బండ్లకు పూజ చేసుకుంటే, అత్త తాత ఫోటో ముందు తుపాకి పెడుతుంది. జాతరలో కొన్న ప్లాస్టిక్ తుపాకి. గొట్టం విరిగితే పసుపు దారం చుట్టి మళ్లీ కొలువులో పెట్టుకుంది.

చిక్కంతా అత్తకు పక్కింట్లో ఉండే ఆడబిడ్డతోనే. ఇద్దరూ ముసలివాళ్లయ్యారు. ఒకరి కూర ఒకరు తెప్పించుకోకుండా ముద్ద మింగరు, ఒకరి మాట ఒకరు ఒప్పుకొని ఎరగరు. ఆడబిడ్డ లెక్కలో మా తాత పట్టాళంలో వంటవాడు.

"మీ నాయన తుపాకి వట్టిండా వదినా? గరిటె వట్టిండు. మా నాయన చెప్పంగ ఇన్న."

మొన్నొక పెళ్లి పంక్తిలో నలుగురి ముందూ ఆ మాట అనేసరికి అత్త విస్తరి ముందు నుంచి లేచిపోయింది. మర్నాడే నాకు ఫోను.

"అల్లుడా, గద్వాలల పిల్లగాళ్లకు చరిత్ర చెప్తవు గద. మా నాయనది గూడ జర చెప్పు. నేను పొయ్యేలోపల దాని నోరు మూయించాలె."

బళ్లో రాజుల వంశవృక్షాలు తడుముకోకుండా చెబుతాను. మా వంశంలో తాతను దాటితే పట్టుకోవడానికి కొమ్మ దొరకదు. అయినా అత్త దృష్టిలో నేను పండితుణ్ణి. ఆ భ్రమ చెదరకముందే చేరాలని బస్సెక్కాను.

అత్త బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టింది. ధగధగా మెరుస్తోంది. అందులో నా ముఖం కనిపించింది గానీ అక్షరం కనిపించలేదు. దేవుడి సామాన్లతో పాటు దాన్నీ పండుగ పండుగకూ చింతపండు వేసి తోమిందట. భక్తి రుద్దిన కొద్దీ చరిత్ర అరిగిపోయింది. ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన మూడు గీతలు మాత్రం తేలీతేలనట్టు మిగిలాయి.

"మూడు తుపాకులు," అంది అత్త.

"మూడు గరిటెలు," అంది గడపలో కూర్చున్న ఆడబిడ్డ.

తీర్పు చెప్పే ధైర్యం లేక, వనపర్తిలో నాకు తెలిసిన రిటైర్డ్ సుబేదారుకు సంగతంతా రాసి బిళ్ళ ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"సార్, ఇంత నున్నగ ఎవరు తోమిండ్రు? పరేడ్ల అయితే ఇనాం ఇద్దురు. కాని దీన్ని చూస్తె ఏం తెల్వదు. మీ తాత ఫోటోల టోపీకి ఇదే బిళ్ళ ఉంటది. గది చూడుండ్రి."

చూడ్డానికి అది కనబడితే కదా! పోయినవాళ్ల ఫోటోకు నొసట బొట్టు పెట్టాలి. తాత నొసలేమో టోపీ కింద ఉంది. కాబట్టి ఇంటిల్లిపాదీ టోపీకే పెడుతూ వచ్చారు, సరిగ్గా బిళ్ళ ఉన్నచోట. పాత బొట్టు తుడవకూడదు, దాని మీదే కొత్తది. గంధం, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి అద్దం మీద చిన్న గుట్ట లేచింది.

"తుడుద్దామా అత్తా?"

"బొట్టు తుడుస్తవా? సదువు ఎక్కువైందిరా నీకు."

"తుడువనియ్యదు," అంది ఆడబిడ్డ. "కింద గరిటె ఉన్నదని ఎరుకే."

అత్త ఫోటోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నిజంగ గరిటెనే ఉంటె ఎట్లరా?" అంది, నాకొక్కడికే వినబడేలా.

"వండేవాడు లేకుంటే కాల్చేవాడు మాత్రం బతుకుతాడా అత్తా?" అన్నాను. పంతుళ్ల ఓదార్పు పిల్లల దగ్గరే పనిచేయదు, ఇక అత్త దగ్గరా!

చివరికి తనే కొంగు తడిపింది. "నాయనా, ఏమనుకోకు," అంటూ అద్దం రుద్దింది. ఎర్రటి నీళ్లు తాత చెంపల మీదుగా కారాయి. వాటినీ ఒత్తింది. టోపీ తేలింది, బిళ్ళ తేలింది. ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేశాను. ఒకటి తుపాకి. రెండోది తవ్వే గైంతి. మూడోది పార.

సుబేదారుకు పంపి, ఆయన గొంతు అందరికీ వినబడేలా పెట్టాను.

"అమ్మా, నాకు తెలిసినంతల ఇది వంటోళ్ల బిళ్ళ కాదు. బాటలేసే దళంది. వీళ్లు ముంగట పోయి అడవి కొట్టి తొవ్వ చేస్తేనే వెనక ఫౌజు నడిచేది."

మూడు తుపాకుల్లో రెండు పోయాయి. అత్త ఎటు మొగ్గుతుందోనని ఆమె వంక చూశాను. మాట్లాడింది ఆడబిడ్డ.

"ఔ వదినా, నిజమే గావచ్చు. నా పెండ్లికి బండి బురదల దిగబడితె మీ నాయననే రాళ్లు పరిచి బాట చేసిండు. ఇంకెవ్వర్ని పార ముట్టనియ్యలే. 'మీకు రాదు, జరుగుండ్రి' అన్నడు."

"గీ ముచ్చట ఇన్నేండ్లు ఏడ దాచిపెట్టినవే?"

"నువ్వు అడిగినవా? ఎప్పుడు తుపాకి తుపాకి అనుడే గద!"

"నువ్వేమో గరిటె గరిటె అంటివి!"

ఆ సాయంత్రం పక్కింటి నుంచి వంకాయ కూర వచ్చింది.

ఈ దసరాకు నేను వెళ్లేసరికి తాత ఫోటో ముందు పార ఉంది, కడిగి, పసుపు రాసి. ఆడబిడ్డ ఇంటి పారేనట. బొట్టు పెడుతున్నది కూడా ఆమే.

"టోపీ ముట్టకే!" అని పొయ్యి దగ్గర నుంచి అత్త అరిచింది. "ఫ్రేముకు వెట్టు!"

ఇక పనేముందిలే అని ప్లాస్టిక్ తుపాకిని పక్కకు తీయబోయాను. అత్త గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"దాన్ని తియ్యకు అల్లుడా. బిళ్ళ మీద ఒకటైతె ఉన్నది గద!"